ముందే చెప్పేసిన కృతజ్ఞత

మా నాన్నకి సంతోషం వచ్చినా ఆగదు, కోపం వచ్చినా ఆగదు. ఆ గుణం నాకూ వచ్చింది కాబట్టి ఆయన్ని అనే హక్కు నాకుంది.

తొంభైల మొదట్లో సంగతి. బాపట్లలో వ్యవసాయ డిగ్రీ అయ్యాక, ఉప్పు పట్టిన నేలల మీద పైచదువుకని హాలండుకు రాశాను. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. రేపల్లె అవతల ఉప్పు పొలాల్లో అరికాళ్లు పగిలేదాకా తిరిగినదాన్ని, ఆ చదువు నాకు కాక ఇంకెవరికి ఇస్తారని నా పొగరు. సీటు వచ్చింది, స్కాలర్‌షిప్పూ వచ్చింది. జనవరిలో చేరాలి.

వచ్చిన ఉత్తరంలో మొదటి నాలుగు లైన్లు పైకి చదివేలోగా నాన్న చొక్కా తొడుక్కున్నాడు. ఆయన చెరుకుపల్లి దగ్గర మా ఊళ్లోనే బడిపంతులు. మా లూథరన్ ఇళ్లలో మంచి జరిగితే కృతజ్ఞత కూడిక పెడతారు. పాట, ప్రార్థన, ఆపైన భోజనాలు. ఆ పిలుపులకే బయల్దేరాడు.

"ఆగు నాన్నా, పూర్తిగా చదవనీ," అన్నాను.

"చదవడానికేముందే? సీటొచ్చింది, డబ్బులొచ్చాయి. దేవుడికి థాంక్స్ చెప్పడానికి కూడా నీ పర్మిషన్ కావాలా ఏంటి?"

నా చదువు కోసమని తీసి ఉంచిన ప్రావిడెంట్ ఫండు లోను అలా కూడిక ఖర్చులోకి వెళ్లింది. షామియానా, మైకు సెట్టు, రెండు మేకలు. మా పేటంతా వచ్చింది, ఊళ్లో పెద్ద రైతులుండే వీధి, రైతుల బజారు నుంచీ వచ్చారు. నాన్న భుజాన తువ్వాలు వేసుకుని బంతుల మధ్య తిరుగుతూ "ఇంకో ముక్క వేయించుకోండి, మొహమాటపడకండి," అని ఒకటే హడావిడి. అంత ఆనందంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

కూడిక మర్నాడు, ఆ సంబరంలో నేనూ చివరిదాకా చదవని ఉత్తరాన్ని బాపట్లలో మా లెక్చరర్‌గారికి చూపించాను. ఆవిడ చివరిదాకా చదివి, "ఫీజూ తిండీ వాళ్లదేనమ్మా. విమానం టికెట్టు మాత్రం మనమే కొనుక్కోవాలి. డబ్బులున్నాయా?" అన్నారు.

ఉన్నాయి, నిన్నటిదాకా. ఇప్పుడు ఊరి కడుపులో ఉన్నాయి. తిరుగు బస్సులో ఏడుస్తూనే వచ్చాను, కోపం సగం, భయం సగం.

సంగతి విని నాన్న గుమ్మంలో కూలబడ్డాడు. నేను నోటికొచ్చినట్టు అరిచాను. "థాంక్స్ చెప్పేశాను కదే, ఇప్పుడు వెనక్కి తీసుకోమంటావా?" అన్నాడు. నవ్వొచ్చే మాటే, ఎవరం నవ్వలేదు. ఇంకో లోను రాదు. తెనాలిలో టికెట్లమ్మే ఆయన మొత్తం ముందే కట్టమన్నాడు. బయట ఎవరికీ చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకున్నాడు. అయినా అమ్మ వెళ్లి అయ్యగారికి, అంటే మా చర్చి పాస్టరుగారికి, చెప్పేసింది.

నవంబరులో కోతపండగ. ఆ రోజు ఎవరి పంటలోంచి వాళ్లు ఇంత తెచ్చి చర్చిలో పెడతారు, వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు డబ్బు కట్టి ఆ వస్తువుని తిరిగిచ్చేస్తే దానికి మళ్లీ వేలం. ఆఖర్న అయ్యగారు ఒక గుమ్మడికాయ పైకెత్తి, "ఇది మాస్టారి అమ్మాయి టికెట్టుకి," అన్నారు.

నాన్న చివ్వున లేచాడు. "వద్దండి. అది దేవుడి సొమ్మండి."

"మాస్టారూ, ఆ రోజు మీరు పెట్టిన భోజనం దేవుడు తిన్నాడా ఏంటి? మేం తిన్నాం. కూర్చోండి."

చర్చంతా గొల్లున నవ్వింది. పొలం కూలికి వెళ్లే పిన్ని ఒకావిడ పాడి తిరిగిచ్చింది. నాన్నతో పనిచేసే టీచరు పాడి తిరిగిచ్చాడు. రైతుల బజారు పెద్దాయన గుమ్మం దగ్గరే నిలబడి పాడి, "మాంసం మహా బాగుందండి మాస్టారూ," అంటూ తిరిగిచ్చేశాడు. సగానికి పైగా టికెట్టు అక్కడే వచ్చింది. మిగతాది అమ్మ గాజులతో సరిపెట్టాం.

గుమ్మడికాయ చివరికి మా ఇంటికే పంపారు. ఆ సాయంత్రం అమ్మ పులుసు పెట్టింది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు, వీసా, స్వెట్టరు, పెట్టె అని వాగుతూనే ఉన్నాను. నాన్న రెండు ముద్దలు తిని చెయ్యి ఆపేశాడు.

"ఏంటి నాన్నా, వెళ్తున్నాను కదా, సంతోషంగా లేదా?"

"ఎందుకు లేదే, ఉంది," అన్నాడు కంచంలోకి చూస్తూ. "జన్మలో ఒక్కసారి ఊరందరికీ భోజనం పెట్టాను. దానికీ డబ్బులు పుచ్చుకున్నాను."