అత్తయ్య తెలుగు అందరికీ వచ్చు

మా అత్తయ్యకి ఒక గట్టి నమ్మకం. భూమ్మీద పుట్టిన ప్రతి మనిషికీ తెలుగు వచ్చు. కొందరికి మాట్లాడటం చేతకాదు, అంతే. వినడం మాత్రం అందరికీ వచ్చు. మనుషులకే కాదు, వీధికుక్కలకీ, మొరాయించే మిక్సీకీ, ఎర్ర దీపం దగ్గర కదలని ట్రాఫిక్‌కీ కూడా వచ్చు. ఈ నమ్మకాన్ని ఆవిడ ఇంటిపట్టున ఉంచుకుంటే మాకే గొడవా లేదు. కానీ నాలుగు రోజులు సెలవులు కలిసొచ్చాయని, విమానమెక్కి ఒక పెద్ద నగరం చూడబోతూ ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకెళ్లాం. అక్కడ తెలుగు తెలిసినవాడు కలికానికి కూడా దొరకడు.

మేమంటే నేను, మా ఆవిడ, ఏడేళ్ల మా అమ్మాయి, మా నాన్నకి అక్క అయిన ఈ అత్తయ్య, ఆవిడ భర్త మావయ్య. అత్తయ్య పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసి రిటైరైంది. మావయ్య కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఆయన కామా పెట్టకుండా ఆవలించను కూడా ఆవలించరు. "పరాయి దేశంలో మాట్లాడే పని నాకు వదిలెయ్యండి. మీరు నా వెనకాల నడవండి చాలు" అని విమానంలోనే మాకు అభయమిచ్చేశారు.

దిగగానే పాస్‌పోర్టులు చూసే కౌంటర్. అత్తయ్య ఎదుట ఒక యువ అధికారి, ఇస్త్రీ చేసిన మొహంతో కూర్చుని ఉన్నాడు. అతను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది.

"ఏం నాయనా, పొద్దుట్నుంచీ ఇలా కూర్చునే ఉన్నావా? నడుం పట్టెయ్యదూ? మధ్యమధ్యలో లేచి ఇదిగో, ఇలా వెనక్కి వంగాలి." వంగి చూపించింది కూడా.

అతను తన భాషలో ఏదో అన్నాడు.

"అదే మరి! నేను చెప్పేదీ అదే" అంది అత్తయ్య.

అతను నిటారుగా సర్దుకుని కూర్చుని, నవ్వు ఆపుకుంటూ ముద్ర గుద్ది పంపేశాడు. పక్క కౌంటర్లో మావయ్యని ఎందుకొచ్చారని అడిగారు. విశ్రాంతి, వినోదం, విజ్ఞానం అనే త్రివిధ ప్రయోజనాలను ఆశించి, అని అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఒకటి ఆయన మొదలుపెట్టారు. మేం పెట్టెలు తీసుకుని, మంచినీళ్లు తాగి, పిల్లని బాత్రూముకి తీసుకెళ్లి వచ్చేసరికి ఆయన ఇంకా ఆ వాక్యంలోనే ఉన్నారు.

నగరం మహా హుషారుగా ఉంది. కింద రోడ్డు, దానిమీద ఇంకో రోడ్డు, ఆ పైన రైలు. అద్దాల మేడల మీద బొమ్మలు కదులుతూ ఉంటాయి. పేవ్‌మెంట్ల మీద జనం గొడుగులు ఊపుకుంటూ, ఎక్కడో పెళ్లికి ముహూర్తం దాటిపోతున్నట్టు పరిగెడుతూ ఉంటారు. ఆ పరిగెత్తేవాళ్లలో ఎవరో ఒకరిని ఆపి అత్తయ్య యోగక్షేమాలు అడుగుతూ ఉంటుంది.

మర్నాడు అత్తయ్య చెప్పు తెగింది. ఒక చెప్పుల షాపులోకి వెళ్లాం. షాపులో ఒక్కతే అమ్మాయి. నేను ముందుకెళ్లి, మెత్తటి అట్ట ఉన్న రకం ఏదైనా ఉందా అని ఇంగ్లీషులో అడిగాను. ఆ పిల్ల మొహం కందిపోయింది. రెండు చేతులూ ఊపేసింది. నేను ఇంకా గట్టిగా, ఇంకా నెమ్మదిగా అడిగాను. ఆ పిల్ల ఇంకా ముడుచుకుపోయి, లోపలికెళ్లి యజమానిని పిలుచుకొద్దామా అన్నట్టు తలుపు వైపు చూసింది.

"నువ్వు తప్పుకోరా" అని అత్తయ్య నన్ను పక్కకి తోసింది. బల్లమీద కూర్చుని కాలు చాపింది. "వాడి మాట వదిలెయ్యమ్మా. ఇదిగో, ఈ వేలు చూడు. పక్క వేలి మీదెక్కి కూర్చుంది, మా తోడికోడల్లాగా. దీన్ని నొక్కకుండా ఉండేది ఏదైనా చూపించు తల్లీ."

ఆ పిల్ల వేలు చూసింది, అత్తయ్య మొహం చూసింది, పకపకా నవ్వింది. తర్వాత కింద కూర్చుని, పాదం పట్టుకుని, తన భాషలో గలగలా మొదలుపెట్టింది. ఈవిడ తెలుగులో, ఆవిడ ఇంకోదాంట్లో, ఒకళ్లనొకళ్లు ఖండించుకుంటూ అరగంట మాట్లాడుకున్నారు.

బయటికొచ్చాక అత్తయ్య మాకు చెప్పింది. "మొదట్లో కాస్త బిగుతుగా ఉంటాయట. వాడగా వాడగా సాగుతాయట. వానలో వేసుకోవద్దంది."

"ఇదంతా నీకెలా తెలిసింది?"

"చెప్పింది కదరా! నువ్వు వినలేదూ?"

అన్నిసార్లూ ఇలా సుఖాంతమైందని అనుకోకండి. ఆ సాయంత్రం చేపల ప్రదర్శనశాల చూద్దామనుకున్నాం. మావయ్య టాక్సీ డ్రైవరుకి సముద్ర జీవశాస్త్రం గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చారు. డ్రైవరు బిక్కమొహం వేశాడు. అత్తయ్య కలగజేసుకుని, "నీళ్లు నాయనా, నీళ్లు! అందులో ఇలా, ఇలా" అని చేతులతో ఈదింది. అతని మొహం వెలిగిపోయింది. రయ్యిమని తీసుకెళ్లి బడిపిల్లల ఈత పోటీల దగ్గర దింపాడు.

మా ఆవిడ మొహం మాడ్చుకుంది. "అత్తయ్యగారూ, చేపలేవండీ?"

"నీళ్లున్నాయి. అందులో ఈదుతున్నాయి. చేపలైతేనేం, పిల్లలైతేనేం? ఇవైతే మనం చప్పట్లు కొడితే సంతోషిస్తాయి కూడా" అని అత్తయ్య వెళ్లి ముందువరసలో కూర్చుంది. పక్కనే ఒక ముసలావిడ, పోటీలో ఉన్న మనవరాలి కోసం వచ్చినట్టుంది. ఇద్దరూ కలిసి "లాగు, లాగు, చేతులు లాగు!" అని తెలుగులో అరిచారు. ఆ మనవరాలు గెలవలేదు. అయినా ముసలావిడ అత్తయ్యని కావిలించుకుంది. మా అమ్మాయి ఇంటికెళ్లాక ఈత నేర్చుకుంటానని అక్కడే ప్రతిజ్ఞ చేసింది. చేపలు చూడలేదన్న సంగతి మా ఆవిడకి తప్ప అందరికీ మరుపుకొచ్చింది.

మూడో రోజు ఆ ఊళ్లోకెల్లా పొడుగైన మేడ ఎక్కి నగరమంతా చూద్దామని బయల్దేరాం. లిఫ్టులో మా అయిదుగురం కాక మరొక మనిషి ఉన్నాడు. భారీ శరీరం, నల్ల కోటు, మెడలో టై, దానిమీద ఆఫీసు కార్డు. లిఫ్టు చెవులు దిబ్బడ వేసేంత వేగంగా పైకి లేచింది. సగం దూరం వెళ్లిందో లేదో, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. పెద్ద దీపం ఆరి, చిన్న దీపం వెలిగింది.

మా అమ్మాయి వాళ్లమ్మ చీర పట్టుకుంది. మావయ్య అక్కడున్న బొత్తాలన్నీ నొక్కారు. నేను ధైర్యంగా ఉన్నట్టు నిలబడ్డాను. ఇంతలో ఆ కోటు మనిషి గోడకి చేరగిలబడిపోయాడు. మొహమంతా చెమట. బావిలోంచి పైకొచ్చినవాడిలా గాలి కోసం ఎగబీలుస్తున్నాడు. తలుపుని దబదబా బాదుతూ తన భాషలో అరవడం మొదలుపెట్టాడు. ఆ అరుపులకి లిఫ్టు ఇంకా ఇరుకైపోయినట్టనిపించింది. మా అమ్మాయి ఏడుపందుకుంది.

అత్తయ్య చేతిసంచీ నా చేతిలో పెట్టి అతని దగ్గరికెళ్లింది.

"ఏం బాబూ, గుండె దడదడలాడుతోందా? కూర్చో. ఆఁ, అలా గోడకి ఆనుకో. ఈ టై ఏమిటి నాయనా, అలంకారమా, ఉరితాడా? వదులు చేస్తున్నా ఉండు. ఇప్పుడు నాతోపాటు ఊపిరి తీసుకో. మెల్లిగా... ఇంకా మెల్లిగా... వదిలెయ్." ఒక చేత్తో అతని నాడి పట్టుకుంది. రెండో చేత్తో వీపు రాస్తోంది. గొంతు మాత్రం ఆపలేదు. "ఇంతకీ మా ఇంటికి రంగులు వేయించిన సంగతి నీకు చెప్పలేదు కదూ? లేత ఆకుపచ్చ వెయ్యరా అంటే ఆ పెయింటరు ముదురు పచ్చ పులిమిపోయాడు. ఇప్పుడు ఆ గోడకి మా మావగారి ఫోటో తగిలిస్తే, ఆయన చెరువులో మునిగిపోతున్నట్టు కనిపిస్తారు. చూసినవాళ్లందరూ ఎవరైనా తీయండర్రా అంటారు!"

అతనికేం అర్థమైందో దేవుడికే తెలియాలి. కళ్లు మాత్రం ఆవిడ మొహం మీంచి కదల్లేదు. ఆవిడ ఊపిరితో అతని ఊపిరి కలిసింది. మధ్యలో గొణుగుతున్నట్టు ఏదో అన్నాడు.

"అవునా? మరి మీ అమ్మకి చెప్పావా?" అంది అత్తయ్య.

అప్పుడు గోడలో ఉన్న స్పీకరు గరగరలాడింది. ఎవరో వచ్చీరాని ఇంగ్లీషులో లోపల ఎవరున్నారని అడుగుతున్నారు. మావయ్య గొంతు సవరించుకుని, మా ప్రమేయం ఏమాత్రం లేని కారణాల వల్ల మేము ఈ అంతరాళంలో వేలాడవలసి వచ్చినది, అన్న ధోరణిలో ఎత్తుకున్నారు.

"వాట్? వాట్?" అంది స్పీకరు.

అత్తయ్య అతని చెయ్యి వదలకుండానే తల తిప్పింది. "లిఫ్ట్ స్టక్. సిక్స్ పీపుల్, వన్ చైల్డ్ ఇన్‌క్లూడెడ్. వన్ మ్యాన్ ప్యానిక్, పల్స్ ఫాస్ట్, ఫుల్లీ కాన్షస్. కీప్ డాక్టర్ అండ్ వీల్‌చెయిర్ రెడీ. హౌ లాంగ్?"

"టెన్ మినిట్స్, మేడమ్!"

"మేక్ ఇట్ ఫైవ్" అని, మళ్లీ అతనివైపు తిరిగింది. "ఆఁ, ఎంతవరకు వచ్చాం బాబూ? మావగారు మునిగిపోయేదగ్గర కదూ?"

మేం నోళ్లు తెరుచుకుని ఉండిపోయాం. అందరికంటే పెద్దగా తెరిచినవారు మావయ్య.

లిఫ్టు నెమ్మదిగా కిందికి దిగి తలుపు తెరుచుకుంది. అతన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. వెళ్తూ వెళ్తూ అత్తయ్య రెండు చేతులూ పట్టుకుని తన భాషలో చాలాసేపు చెప్పుకున్నాడు. "సంతోషం నాయనా. ఇంటికెళ్లి పడుకో. ఇవాళ్టికి ఆ టై జోలికి వెళ్లకు" అంది అత్తయ్య.

మేడ బయట రాతిమెట్ల మీద కూలబడ్డాం. మావయ్య అత్తయ్య వైపు తిరిగారు.

"నీకు... ఇంగ్లీషు వచ్చా?"

"ముప్పై ఏళ్లు సర్జన్లు నాతో సంస్కృతంలో మాట్లాడారనుకున్నారా?"

"ఇంట్లో ఏనాడూ ఒక్క ముక్క మాట్లాడలేదే!"

"మీరు దిద్దుతారు కదా" అంది అత్తయ్య.

నాకు ఉక్రోషం ఆగలేదు. "అది సరే, ఈ మూడు రోజులూ ఇక్కడ అందరితో తెలుగులో ఎందుకు మాట్లాడావు? వాళ్లకి రాదని తెలిసే?"

"తెలీకపోవడానికి నాకేమైనా మతిపోయిందట్రా?" చెప్పు విప్పి వేలు సవరించుకుంటూ అంది. "ఆ చెప్పుల పిల్లని చూశావు కదా, నువ్వు ఇంగ్లీషు ఎత్తుకోగానే ఎలా ముడుచుకుపోయిందో! తన కొట్లో తనే తప్పు చేసినదానిలా నిలబడింది పాపం. అదే నేను తెలుగులో అడిగాననుకో, రానిదాన్ని నేనవుతాను. ఎవరో పిచ్చి ముసల్ది అని నవ్వుకుంటుంది. నవ్వాక భయం పోతుంది. భయం పోయాక వేలు చూస్తుంది."

"మరి లిఫ్టులో అతను?"

"భయపడ్డవాడికి అర్థాలెందుకురా? పక్కన ఒక గొంతు ఆగకుండా ఉంటే చాలు. మత్తుమందు ఎక్కేదాకా మా పేషెంట్లందరికీ నేను చెప్పేదీ ఇలాంటి సోదే. ఆ స్పీకరువాడికి మాత్రం అర్థం కావాలి. అందుకని వాడి భాష."

ఆ పూటంతా మావయ్య ఏదో ఆలోచిస్తూ ఉండిపోయారు.

మర్నాడు పొద్దున్న హోటల్లో ఫలహారానికి కూర్చున్నాం. వడ్డించే అమ్మాయి కొత్తది. చేతిలో ట్రే గజగజలాడుతోంది. మావయ్య ముందు పెట్టిన టీ చల్లారిపోయింది. ఆయన చొక్కా సర్దుకుని, ఆ అమ్మాయిని పిలిచి, మేమెప్పుడూ విననంత మృదువైన స్వరంతో అన్నారు. "కుమారీ! ఈ తేనీరు కించిత్తు శీతలించినది. దయయుంచి పునః ఉష్ణీకరించి ఒసగుదువా?"

ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసి ఆయన్ని చూసింది. ఫక్కున నవ్వింది. ట్రే వణకడం ఆగిపోయింది. చకచకా లోపలికెళ్లి, ఎంతో ఇదిగా రెండు ఉడికించిన గుడ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది. మావయ్య ఆ అమ్మాయికి దణ్ణం పెట్టి, ఒక గుడ్డు ఒలుచుకోవడం మొదలుపెట్టారు.

అత్తయ్య చల్లారిన కప్పు చేతిలోకి తీసుకుని లేచింది.

"అంత కష్టమైన తెలుగు మాట్లాడితే ఆ పిల్లకి ఎలా అర్థమవుతుందండీ! ఉండండి, నేను మామూలు తెలుగులో చెబుతాను."