పరుపులు కుట్టిన చేతుల్లో డ్రై ఐస్

మొన్న మంగళవారం పొద్దున ల్యాబ్ తాళం తీస్తుండగా, మా దగ్గర పనిచేసే భాయ్ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, మా అబ్బా ఇంక లేరు. నమాజ్‌కు లేచినారు, ముఖం కడుక్కుంటా కడుక్కుంటానే కూలబడిపోయినారు" అంది. లోపలికి వెళ్లి ఆయన ప్యాకింగ్ బల్ల ముందు చాలాసేపు నిలబడ్డాను.

తిరుపతిలో మాది పరీక్షలు చేసే ల్యాబ్. ఇక్కడ చేయలేని పరీక్షలకు రక్తం, కండ ముక్కలు పెద్ద ఊళ్లకు పంపుతాం. దారిలో కరిగితే పనికిరానివి డ్రై ఐస్‌లో వెళ్లాలి. ఆ పెట్టెలు కట్టేవారు భాయ్. చిత్తూరులో వాళ్లది పరుపులు, బొంతలు కుట్టే ఇల్లు. ఫోము పరుపులు వచ్చి ఆ పని తగ్గాక, మా దగ్గర అటెండరుగా చేరారు. చదివింది ఎనిమిదో తరగతి. ప్యాకింగ్ నియమాలన్నీ డాక్టరుగారి చేత తెలుగులో చెప్పించుకుని, నోటుబుక్కులో రాసుకుని, రోజూ ఒకసారి చదువుకునేవారు. కంఠతా వచ్చాక కూడా చదివేవారు.

నేను టెక్నీషియన్‌గా చేరిన నెలలోనే ఒకరోజు, ఆయన భోజనానికి వెళ్లినప్పుడు సాయం చేద్దామని ఒక పెట్టె నేనే కట్టాను. చలి పోకూడదు కదా అని థర్మాకోల్ మూత చుట్టూ సందు లేకుండా టేపు బిగించాను. భాయ్ వచ్చి చూసి, టేపంతా కోసేశారు. నాకు ఒళ్లు మండింది.

"ఏం భాయ్, బాగానే కట్టినా కదా?"

ఆయన మందపాటి గ్లౌజులు తొడుక్కుని, పటకారుతో చిన్న డ్రై ఐస్ ముక్క తీసి, ఒక రబ్బరు గ్లౌజులో వేసి మూతి ముడేశారు. చూస్తుండగానే గ్లౌజు ఉబ్బి, ఐదు వేళ్లూ నిక్కబొడుచుకున్నాయి.

"సూసినావా మా? ఇది నీళ్లయ్యే ఐసు కాదు, గాలయ్యే ఐసు. దోవ ఇయ్యకుంటే పెట్టె పగిలిపోతాది. దాన్ని మోసే మనిషి ముఖానే పగిలితే?" అని, నా ముఖం చిన్నబోవడం చూసి మెల్లగా అన్నారు. "చలిని ఆపల్ల, గాలిని ఆపగూడదు. అంతే పని."

ఆ తర్వాత నాకు పని ఆయనే నేర్పారు. ట్యూబు పగిలినా చుక్క బయటికి రాకుండా ముందు దూది చుట్టాలి. దాన్ని కారని డబ్బాలో పెట్టాలి. ఐస్ ఆ డబ్బా బయట, నాలుగు వైపులా ఉండాలి. ఐస్ తరిగేకొద్దీ డబ్బా లోపల దొర్లకుండా కాగితం కూరాలి. కూరాక అరచేత్తో నొక్కి చూసేవారు, పరుపులో దూది సర్దినట్టు. "సందుంటే పరుపైనా కుంగుతాది, పెట్టైనా కుంగుతాది" అనేవారు. ఇప్పుడు నా అరచెయ్యి కూడా తనంతట తానే నొక్కి చూస్తోంది.

ఒక కార్తీకంలో పూతలపట్టు దగ్గరి పల్లె నుంచి ఒక పాప కండ ముక్క మా దగ్గరికి వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల. కూర్చుంటే లేవలేకపోతోంది, కాళ్లలో బలం రోజురోజుకూ పోతోంది. ఆ ముక్క పాడైతే మళ్లీ కోసి తీయాలి. నేను ఒక రోజు ప్రయాణానికి సరిపడా ఐస్ తూచాను. భాయ్ కిటికీలోంచి మబ్బు చూసి, "రెండింతలు పెట్టు మా. వాన మన మాట వింటాదా?" అన్నారు. పెద్ద పెట్టె తీసి, మళ్లీ మొదటినుంచీ కట్టించారు.

పెట్టె చెన్నై చేరేసరికి తుపాను పట్టుకుంది. విమానాలు ఆగిపోయాయి. రెండో రోజు కూడా కదలలేదు. కొరియర్ వాళ్లకు ఫోన్ చేస్తే, ఎప్పుడు పోతుందో చెప్పలేమన్నారు. నేను ఏడుపు మొహం పెట్టాను. భాయ్ డాక్టరుగారి దగ్గర చీటీ రాయించుకుని, మిగిలిన ఐస్ వ్యాన్‌లో ఎక్కించారు.

"ఈ వానలో యాడికి పోతావు భాయ్? నీకసలే ఆయాసం" అన్నాను.

"నాకు ఆయాసమొస్తే మాత్రేసుకుంటా. దానికి కరుగొస్తే ఏమేస్తావు?"

ఐస్ నుంచి వచ్చే గాలి వ్యాన్‌లో నిండితే ఊపిరాడదని అద్దాలన్నీ దించుకుని, తడుస్తూ వెళ్లారు. చెన్నైలో కొరియర్ గోదాములో తనకొచ్చిన అరవంలో బతిమాలి, చీటీ చూపించి, పెట్టె తెరిపించారు. అడుగున రెండు గుప్పెళ్ల ఐస్ మిగిలి ఉంది. ముక్క ఇంకా రాయిలాగే ఉంది. ఐస్ నింపి, పెట్టె పైన అంటించిన కాగితం మీద ఐస్ బరువు కొట్టేసి కొత్తది రాసేదాకా అక్కడినుంచి కదలలేదట. "రాసిండేది ఒకటి, లోపల ఉండేది ఒకటి కాగూడదు" అన్నారు ఫోన్‌లో, దగ్గుతూనే.

మర్నాడు పెట్టె ఎగిరింది. పదిరోజులకు రిపోర్టు వచ్చింది. కండరాల్లో వాపు, మందులకు లొంగే జబ్బే. నేను పరుగున వెళ్లి చెప్పాను. భాయ్ రెండు చేతులతో ముఖం తుడుచుకుని, "అల్హందులిల్లా" అని దేవుణ్ణి తలచుకుని, మళ్లీ ట్యూబులకు దూది చుట్టడంలో పడ్డారు.

వేసవిలో ఆ పాప రక్తపరీక్షకు వచ్చింది. మా ల్యాబ్ మేడ మీద. తల్లి కింద చెప్పులు విడిచేలోపు పిల్ల ఒక్కతే మెట్లెక్కి వచ్చేసింది. నేను భాయ్‌ని పిలిచాను. గ్లౌజులు తీయడం కూడా మరచి గుమ్మంలోకి వచ్చారు. ఈయన ఎవరో ఆ తల్లికి చెప్పబోయాను. వద్దని తల ఊపారు.

పాప ఆయన చేతులవైపు వింతగా చూసింది. "ఏం తాతా, నీకు ఎండాకాలం కూడా చలా?"

"అవు తల్లీ, శానా చలి."

పిల్ల కిలకిలా నవ్వింది. పరీక్షయ్యాక, పట్టుకోబోయిన తల్లి చెయ్యి విదిలించుకుని ముందుగా దిగింది. ఒక్కో మెట్టుకూ రెండు పాదాలూ ఆనించి, ఆగి, మళ్లీ దిగుతోంది. పైన భాయ్ వంగి చూస్తూ, పెదవులు కదుపుతూ ఆ మెట్లు లెక్కపెడుతున్నారు.