పెద్దమ్మ అరచెయ్యి

మార్కాపురంలో, చెవులు చిల్లులుపడేలా వాయించే మా థ్రాష్ మెటల్ బ్యాండ్‌కు గది ఇచ్చిన పెద్దమ్మకు మా పాటలు వినపడేవి కావు. పలకల ఫ్యాక్టరీలో కోత మిషన్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. చెవులు బాగున్నవాళ్లెవరూ మమ్మల్ని వారం రోజులు కూడా ఉండనివ్వలేదు.

మేం వాయిస్తున్నంతసేపూ ఆమె వాకిట్లో కూర్చుని గోడకు అరచెయ్యి ఆనించేది. బ్లేడు సరిగ్గా తిరుగుతోందో లేదో మిషన్ మీద చెయ్యి పెట్టి తెలుసుకునే రోజుల నాటి అలవాటు.

నాలుగు పాటల చిన్న ఆల్బం రికార్డు చేశాం. పాతకాలం బ్యాండ్ల పద్ధతిలో అందరం కలిసి ఒక్క ఊపులో వాయించాలి, తర్వాత కంప్యూటర్‌లో దిద్దకూడదు. మైకులు గిద్దలూరు చర్చి నుంచి అడిగి తెచ్చినవి, సాయంత్రం బస్సుకు పంపెయ్యాలి. చివరి పాటలో నా డ్రమ్స్ నెమ్మదించాయి. ఎవరూ పట్టించుకోలేదు. బస్సు టైమవుతోందని నేనూ వదిలేశాను.

బయటికి రాగానే పెద్దమ్మ అడిగింది. "ఆఖర్లో జోరు తగ్గించినావే నాయనా, చెయ్యి నొచ్చిందా?"

తలూపాను.

"పలక ఒకపక్క మందమైతే మేం పక్కన పడేసేవాళ్లం. అట్ల వదిలెయ్యాకండి. మళ్లా కొట్టండి."

మైకులు ఆ సాయంత్రం బస్సెక్కలేదు.

ఆల్బం పూర్తయ్యాక స్పీకరు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకుంది. నాలుగు పాటలూ ముగిసినా వదల్లేదు. అయిపోయిందని ఆమె చెయ్యి తట్టి సైగ చేశాను.

"తెలుసులే," అంది. "ఇంకోసారి పెట్టు."