వీపు నేలకు తగిలితే గొడవ తీరినట్టే

నిన్న లాన్ కోస్తుంటే పచ్చిగడ్డి వాసనకి నా వీపు దురద పెట్టింది. ఎనభైల్లో అమెరికాలోని ట్రాయ్ ఊళ్లో పెరిగిన మన బ్యాచ్‌కి మా పక్కింటి ఎఫియాంగ్ గుర్తున్నాడా? నైజీరియాలోని కాలబార్ నుంచి వచ్చిన ఎఫిక్ తెగ కుటుంబం. వాడి సైకిల్ టైర్లలో గాలి తీసిన మహానుభావుణ్ణి నేనే. పాపం, వాడు పడి మోకాలు చెక్కుకున్నాడు.

వాళ్ల నాన్న నన్ను పట్టుకున్నాడు. "అంకుల్, మా నాన్నకి చెప్పకండి, ప్లీజ్!" అని బతిమాలాను. మా నాన్న బెల్టు సంగతి మీకు తెలుసుగా!

"అయితే మావాడితో కుస్తీ పట్టు. దాన్ని మేం ఎంబోక్ అంటాం. వీపు నేలకు తగిలినవాడు ఓడినట్టు. ఆ తర్వాత ఈ గొడవ ఎవరూ ఎత్తకూడదు. అది మా ఇంటి రూల్," అన్నాడాయన.

ఎఫియాంగ్ నా నడుం పట్టాడు. పప్పన్నం ఒళ్లు ఎంతసేపు ఆగుతుంది? క్షణంలో ఆకాశం కనబడింది. వాడే చెయ్యిచ్చి లేపాడు.

సాయంత్రం అంకుల్ మా ఇంటికొచ్చాడు. నేను తలుపు చాటుకి చేరాను.

"మావాడేం వెధవపని చేశాడు?" అన్నాడు నాన్న.

"ఏం లేదు, మా ఆట నేర్చుకుంటున్నాడు. రేపూ పంపండి."

అమ్మయ్య! ఆ పూట పెరుగన్నం మూడుసార్లు పెట్టించుకున్నాను. ఓడిపోయినవాడికి అంత ఆకలేస్తుందని నాకప్పుడే తెలిసింది.