రెండు పెడళ్ల కారు

మా అన్నకు కాలు పోయిన కాలంలోనే ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ప్రొద్దుటూరంతా వచ్చినదాని గురించి మాట్లాడుకుంటుంటే మా ఇంట్లో పోయినదాని గురించే మాట. ఆయన తన పాత అమెరికా కారుకు చక్రం మారుస్తుండగా జాకీ జారింది. ఎడమకాలు మోకాలి పైదాకా తీసేశారు.

ఆ కారు ఆయన బతుకుతెరువు. ఇంజనుకు రెండో కార్బురేటరు తగిలించి దాన్ని పందెపు గుర్రం చేశాడు. ప్రొద్దుటూరులో ఎక్కిన పెళ్లివారు పులివెందులలో దిగేదాకా తలపాగాలు పట్టుకునే కూర్చునేవారు. అంత వేగంలోనూ గేరు మారిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు. క్లచ్చి మీద ఆయన కాలు అంత మెత్తగా వాలేది.

"కాలు పోతే పోనీరా. బండి తోలకుండా ఎట్ల బతికేది?" అన్నాడు ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు.

గ్యారేజీ సాయిబు మామ ఉపాయం చెప్పాడు. క్లచ్చి లేకుండా తనంతట తానే గేర్లు మార్చుకునే పెట్టెలు అమెరికా కార్లకు వస్తున్నాయట. ఆయనా నేనూ మద్రాసు పాతసామాన్ల బజారుకు పోయాం. అక్కడ చిన్నదొకటి, పెద్దదొకటి దొరికాయి.

"చిన్నది సులువుగా కూర్చుంటుంది మామా," అన్నాను. మోసేది నేనే మరి.

"నీ నడుము చూసి గేరుపెట్టె కొనాల్నా అయ్యవారూ? మీ అన్న ఇంజను దూకుడుకు ఇది కాలి బూడిదైపోతాది. పెద్దదే తీసుకుందాం."

పెద్దపెట్టె తెచ్చి కారుకు బిగించాం. జమ్మలమడుగులో ఇంగ్లీషు అయ్యవారిని కనుక గేరు మీట దగ్గరి అక్షరాలు చదివే పని నాది. P అంటే పార్కు అన్నాను. "ప్రొద్దుటూర్లో పార్కు యాడుందప్పా?" అన్నాడు సాయిబు. R చూసి నేను 'రా' అనుకున్నాను. సాయిబును ఆ అక్షరం మీద పెట్టమని, ఎదురుగా నిలబడి రమ్మంటే కారు వెనక్కి పోయి గోడకు గుద్దుకుంది. నా మాట వినకపోవడం మా ఇంట్లో ఎవరికీ కొత్త కాదు, దానికీ కొత్త కాలేదు.

అసలు కష్టం ఆ తర్వాత. యాక్సిలరేటరు నుంచి పెట్టెకు పోయే కడ్డీ ఒకటుంది. దాని మర ఒకవైపు తిప్పితే గేరు తొందరగా మారి ఇంజను ఉసూరుమంటుంది, రెండోవైపు తిప్పితే ఆలస్యంగా మారుతుంది. సాయిబు తోలుతుంటే అన్న పక్కన కూర్చుని కళ్లు మూసుకునేవాడు. "ఇంకా… ఇంకా… ఇబ్బుడు!" ఆ 'ఇబ్బుడు' దగ్గరే గేరు పడేదాకా ఆపడం, మర తిప్పడం, మళ్లీ తోలడం. ఒక సాయంత్రం మాటా గేరూ ఒక్కసారే పడ్డాయి. ముగ్గురం పిల్లల్లా నవ్వుకున్నాం.

మర్నాడు అన్న తోలాడు. నేను పక్కన కూర్చున్నాను. జమ్మలమడుగు దాటి బండి ఊపందుకున్నాక గమనించాను. గేరు మారాల్సిన ప్రతిచోటా ఆయన ఎడమ తొడ లేచి కిందికి ఒత్తుతోంది. అక్కడ పెడలూ లేదు, పాదమూ లేదు. ఆ తొడ దిగేలోపే గేరు మారిపోయి ఉండేది. తొండూరు వచ్చేసరికి ఆ తొడ మీద చెయ్యి వేసి అదిమి పట్టుకున్నాడు.

పులివెందులలో జనం మూగారు. "శానా బాగా పోతాందప్పా!" అన్నారు. అన్న తలూపి, తాళం నా చేతిలో పెట్టాడు.

"నువ్వు తోలు."

"నాకు సైకిలే సరిగ్గా రాదన్నా!"

"దీనికేమీ రావాల్సిన పనిలేదు. కూచో."

రెండే పెడళ్లు. ఒకటి పోవడానికి, ఒకటి ఆగడానికి. భయం భయంగా తొక్కాను. కారు పరుగందుకుంది. మిట్ట మీద సరిగ్గా ఆయన 'ఇబ్బుడు' అనే చోటే గేరు పడింది.

"నువ్వు తోలినా అదే సద్దు వస్తాందిరా," అన్నాడు అన్న.

మెచ్చుకున్నాడనుకుని మురిసి పక్కకు తిరిగాను. ఆయన మొహం కిటికీ వైపు ఉంది. దారి పొడవునా అటే ఉంది.

ఇంటి ముందు దిగి, చంకకర్ర సర్దుకుంటూ అన్నాడు: "బండి బాగా కుదిరిందని సాయిబుకు చెప్పు. దాన్ని నువ్వే పెట్టుకో."

ఆ తర్వాత ఆయన ఏ బండీ తోలలేదు.