పెయింటరు మామయ్య చెవిన పడకూడని మాట

పెయింటరు మామయ్య ఎదుట ఎవరూ ‘పరవాలేదు’ అనకూడదు. అన్నారో, అయిపోయినట్టే! “ఎవరికి పరవాలేదు? నీకా, నాకా?” అని నిచ్చెన దిగొచ్చి మరీ తగులుకునేవాడు. రంగెలా ఉందంటే ‘పరవాలేదు’ అన్నాడని సొంత బావగారి హాలునే మధ్యలో వదిలేసి వచ్చాడు. ఆ హాలు ఇప్పటికీ సగం నీలం, సగం సున్నం.

అలాంటి మనిషికి టీకా వేయించుకున్న రోజు నుంచి కుడిచెయ్యి పైకి లేవడం మానేసింది. నొప్పి అంటే నర్సు “పరవాలేదు, తగ్గిపోతుంది” అంది. తగ్గలేదు. డాక్టరు “పరవాలేదు, వయసు” అన్నాడు. ఆసుపత్రి మేనేజరైతే “పరవాలేదు, ఎడమ చెయ్యి ఉందిగా” అన్నాడు. సీలింగులకు రంగులేసి బతికే మనిషితో అనాల్సిన మాటేనా అది?

“కేసు వెయ్యి!” అంటూ లాయరు మేనకోడలి గదిలోకి ఊడిపడ్డాడు.

“ఎవరి మీద మామయ్యా?”

“పరవాలేదన్న ప్రతివాడి మీదా!”

స్కానింగు చూశాక ఆమెకూ ఒళ్లు మండింది. సూది కండలోకి పోవాల్సింది పోయి, మరీ పైన కీలులో దిగింది. పరిహారం ఇప్పించకపోతే తన నల్లకోటు ఎందుకనుకుంది.

విచారణ రోజు వినియోగదారుల కోర్టులో ఆసుపత్రి లాయరు లేచి, “పెయింటర్ల భుజాలు ఎలాగూ అరిగిపోతాయండీ! సూది సరిగ్గానే వేశారు. కావాలంటే నర్సునే అడగండి” అన్నాడు.

మేనకోడలు పళ్లు కొరికింది. “నువ్వు నోరు మూసుక్కూర్చో మామయ్యా. ఆ పిల్లని నేను కడిగేస్తాను.”

నర్సు వచ్చింది. పట్టుమని పాతికేళ్లు లేవు. చేతిసంచీ పట్టీ మెలిపెడుతూ నిలబడింది. అంతే, మామయ్య లేచాడు.

“ఆగండి! ఆ రోజు గేటు దాకా క్యూ. ఈ పిల్ల ఒక్కతే. కూర్చోడానికి స్టూలైనా లేదు! నేనేమో చొక్కా విప్పడానికి బద్ధకించి, కాలరు పక్కకి లాగి భుజం చూపించా. అంతమందికి ఒక్కదాన్ని నిలబెట్టినవాడేడీ? వాణ్ణి పిలవండి ముందు!”

మేనకోడలు తల పట్టుకుంది. సొంత మామయ్యే కేసు ముంచేశాడు.

“కూర్చోండి!” అన్నాడు జడ్జి. మామయ్య కూర్చోలేదు. నర్సు వైపు తిరిగాడు.

“చూడమ్మా, నాకు నా చెయ్యి సంగతి తేలాలి గానీ నీ ఉద్యోగంతో పనిలేదు. జరిగింది చెప్పు. పరవాలేదు.”

మేనకోడలి చేతిలో పెన్ను జారిపోయింది.

నర్సు కళ్లు తుడుచుకుంది. “చొక్కా విప్పమని నేనే చెప్పాల్సిందండీ. పైన వేసేశాను. సాయంత్రం అనుమానమొచ్చి మేనేజరుగారికి చెప్పాను. పరవాలేదు, ఎవరితోనూ అనకు అన్నారు.”

“విన్నారా!” మామయ్య గర్జనకి ఆసుపత్రి లాయరు చటుక్కున కూర్చున్నాడు. “అదీ పరవాలేదంటే! ఈ పిల్ల ఉద్యోగం జోలికెళ్లారో, ఇంకో కేసు వేస్తా!”

పరిహారం మంజూరైంది. తప్పు దాచినందుకు సంజాయిషీ ఇచ్చుకోమని మేనేజరుకి తాఖీదు వెళ్లింది.

బయట మెట్ల మీద మేనకోడలు, “మామయ్యా, ఇందాక నువ్వేదో మాటన్నావు...” అంది.

“నేనా? నేనేమీ అనలేదే! నీ చెవులు చూపించుకో.”

ఇంతలో నర్సు పరుగెత్తుకుంటూ వచ్చింది. “క్షమించండి బాబాయ్‌గారూ. ఇప్పుడెలా ఉంది చెయ్యి?”

మామయ్య నోరు తెరిచాడు. మేనకోడలు చెవులు రిక్కించింది.

“ఘోరంగా ఉంది!” అని మెట్లదిరేలా అరిచాడు మామయ్య. “ఆ మొహమేంటి అలా వాడిపోయింది? పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నావా లేదా? పద ముందు!”