గిడ్డమ్మ దంచిన కారం

గిడ్డమ్మకు అంగడి కారం నచ్చదు. చేనిలో పండిన ఎర్రటి మిరపకాయలు తానే కోసుకొచ్చి, మిద్దె మీద పాత చీర పరిచి ఎండబెడుతుంది. కాయను కదిపితే లోపల గింజలు గలగలమనాలి. అప్పుడు తొడిమలు తీసి, పెనం మీద కాస్త వేడిచేసి, రోట్లో కచ్చాపచ్చాగా దంచుతుంది.

ఆమె మొగుడు కంబన్నకు శకునాల పట్టింపు ఎక్కువ. ఎవరు తుమ్మినా గడప దాటడు.

ఆ రోజు వీధివాళ్లంతా జీపులో శ్రీశైలం బయలుదేరుతున్నారు. దారిలో జొన్నరొట్టెల్లోకి ఉంటుందని గిడ్డమ్మ పొద్దున్నే కారం దంచుతోంది. కంబన్న సంచి తగిలించుకుని లేచాడో లేదో, పక్కింటి శివలీల తుమ్మింది. అతను కూర్చుని నీళ్లు తాగి మళ్లీ లేచాడు. ఈసారి తనే తుమ్మాడు. మళ్లీ కూర్చున్నాడు.

"ఏం చేస్తాండావు మామా? బండి కదలాల!" అంటూ డ్రైవర్ హనుమేష్ లోపలికొచ్చాడు. మాట పూర్తికాకముందే వరసగా తుమ్మడం మొదలుపెట్టాడు. అతని వెనక వచ్చినవాళ్లూ అందుకున్నారు.

గిడ్డమ్మ రోకలి ఆపి, నీళ్లు కారుతున్న కళ్లు కొంగుతో తుడుచుకుంది. "అది శకునం కాదయ్యా, నా మిరపకాయల ఘాటు! నేను దంచినంతసేపూ నీకు మంచి గడియ యాడ వస్తాది?"

ఎర్రబడిన అందరి ముక్కులూ చూసి కంబన్నకు నవ్వాగలేదు. "ఇంతమంది తుమ్మితే అపశకునం ఎవరికనుకునేది! పదండప్పా."

అతను తుమ్ముతూనే గడప దాటాడు. పెళ్లయినప్పటి నుంచి గిడ్డమ్మ అలాంటి వింత చూడలేదు. కారం గబగబా డబ్బాలోకి ఎత్తుకుని, మొగుడి మనసు మారేలోపే జీపెక్కేసింది.